గోడలో కలిసిపోయిన ఏడు రాళ్లు

1978 ఎండాకాలంలో నన్ను జనగామ దగ్గరి ఒక గుట్టమీది కోట మరమ్మతులకు పంపారు. పాత కట్టడాల పరిరక్షణలో సహాయకుడిగా అది నా మొదటి పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాకు పైన ఇంజినీరు, నా కింద ఒక మేస్త్రి, కొందరు కూలీలు. కోటకు కావలి లచ్చిరాం. గుట్ట కింది లంబాడీ తండా అతనిది.

పైనున్న మహలుకు కప్పు లేదు, తూర్పు గోడ కూలి ఉంది. కొత్త రాయి వాడకూడదన్నది మా పనిలో నియమం. కోటలో రాలిపడిన రాళ్లనే ఏరి, కడిగి, సుద్దతో నంబరు వేసి, గానుగ సున్నంతో మళ్లీ పేర్చాలి. ఆ నియమాన్ని నేను అతిగా పట్టుకున్నాను.

లచ్చిరాం గూడూరులో చుట్టాల పెళ్లికి వెళ్లిన వారంలో, మహలు వెనక గదిలో వరుసగా పెట్టి ఉన్న ఏడు రాళ్లు కంటపడ్డాయి. పశువుల కాపరులు కూర్చోవడానికి పెట్టుకున్నారనుకుని గోడకు పంపించాను. కడిగినప్పుడు నీళ్లు ఎర్రబారాయి. ఎర్రమట్టి అయి ఉంటుందన్నాడు మేస్త్రి. నేనూ సరేనన్నాను.

లచ్చిరాం తిరిగొచ్చి, ఖాళీ గది చూసి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"సార్, గవి మా అమ్మలు. వానలు పడంగనే సీత్లా పండుగ గీడనే చేస్తం. ఏ రాళ్లో జర చూపెట్టుండ్రి, తీస్కపోత" అన్నాడు.

చూపించలేకపోయాను. సుద్ద నంబర్లు సున్నం కింద కప్పుకుపోయాయి.

ఆషాఢంలో తండా ఆడవాళ్లు గుగ్గిళ్లు, కోడి పట్టుకుని గుట్టెక్కారు. లచ్చిరాం తల్లి సోనీబాయి నేరుగా నా దగ్గరకే వచ్చింది.

"ఏం సారూ, సచ్చిన రాజుల రాళ్లకు నంబర్లేస్తివి. మేం మొక్కే రాళ్లు నీ కండ్లకు ఆనలేదా?"

గోడ విప్పడానికి అనుమతి కోసం పైకి రాస్తానన్నాను.

"పిల్లలకు అమ్మ పోస్తే గప్పుడు గూడ కాయితమే రాస్తవా?"

"ఉండనియ్యవ్వా, సారుకు గోడనే దేవుడు" అంది వెనకనుంచి ఒకామె. మిగతావాళ్లు నవ్వారు.

నేను రాయలేదు. రాస్తే నా తప్పు బయటపడుతుంది.

కొన్నాళ్లకు పొద్దున వెళ్లేసరికి గోడ కొంతమేర విప్పి ఉంది. తీసిన రాళ్లను ఒక్కటీ పగలకుండా పక్కన పేర్చిపెట్టారు. అందులో ఏడు మాత్రం లేవు. తనిఖీకి వచ్చిన ఇంజినీరు, ఇదెవరి పని అని అడిగాడు. ఎవరో దొంగతనంగా కూల్చినట్టున్నారన్నాను. లచ్చిరాం అక్కడే ఉన్నాడు. నోరు విప్పితే తల్లి పేరు చెప్పాలి. చెప్పలేదు. కాపలాలో నిర్లక్ష్యమని అతన్ని తీసేశారు. తర్వాత భూపాలపల్లి వైపు కూలికి పోయాడని విన్నాను. మళ్లీ కలవలేదు.

గుప్తనిధుల కోసం తండావాళ్లు ఆ గోడ తవ్వారని ఇప్పటికీ కోట చూడవచ్చినవాళ్లకు చెబుతున్నారు. అది నిజం కాదు. వాళ్లు తమవి తాము తీసుకున్నారు, అంతే. గోడలో పెట్టించింది నేను.

తర్వాత పనిచేసిన ప్రతిచోటా రాయి కదిపేముందు చుట్టుపక్కల వాళ్లను అడిగి, వాడుకలో ఉన్నవాటిని నక్షాలో గుర్తించాను. కూలిపోయిన ప్రతి చోటూ జనం వదిలేసిన చోటు కాదు. ఈ సంగతి నేను నేర్చుకునేసరికి లచ్చిరాం ఉద్యోగం పోయింది. నాది ఖాయమైంది.