అంచులు కోయించింది నేనే

పదకొండేళ్ల క్రితం, జూలై నెల రెండో మంగళవారం, పొద్దున పదింబావుకు ఇది మొదలైంది. అప్పటి నుంచీ మోస్తున్నాను. మోయడం అలవాటైంది గానీ బరువు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

సంగారెడ్డిలో పాస్టర్లను తయారుచేసే ఒక చిన్న బైబిలు పాఠశాలలో ముప్పై ఏళ్లు లైబ్రరీ చూశాను. అద్దాల బీరువాలో పద్నాలుగు ఇంగ్లీషు ప్రసంగాల పుస్తకాలు ఉండేవి. మూడున్నర వందల ఏళ్ల కిందట లండన్‌లో అచ్చయినవి. ఎప్పుడో ఒక దొర పాస్టరు ఓడలో తెచ్చుకుని, వెళ్తూ వదిలేసి పోయాడు. ప్రతి ప్రసంగంలో ముందు బైబిలు వాక్యం, తరువాత దాని బోధ, చివర అది వినేవాడికి ఎలా వర్తిస్తుందో చెప్పే భాగం. ఆ చివరి భాగంలో ఆ బోధకులు ఎవరినీ వదిలిపెట్టరు. నేను శ్రద్ధగానే చదివాను. ప్రతిదీ పక్కవాళ్లకు వర్తింపజేసుకుంటూ చదివాను.

ఆ పుస్తకాల అంచుల నిండా సిరాతో రాసిన తెలుగు ఉండేది. గొలుసుకట్టు రాత. తెలుగని చూశాను, చదవలేదు. పుస్తకంలో రాయడమంటేనే నాకు పడదు. పెన్సిల్ గీత కనబడినా విద్యార్థి చేతనే తుడిపించేదాన్ని.

ఆ ఏడు సంస్థ పెద్దలు చూడటానికి వస్తున్నారని పాత పుస్తకాలకు కొత్త అట్టలు వేయించమన్నారు. ఆ మంగళవారం పాత బస్టాండు దగ్గర బైండింగ్ దుకాణం నడిపే నర్సింలును పిలిపించాను.

“మేడం, అంచుల పొంటి రాతలున్నయ్. కటింగ్ పెడితే పోతయ్. కొయ్యకుండ అట్టలేస్త గదా?” అన్నాడు.

“గట్ల గీకిన పుస్తకాలు పెద్దోళ్లకు ఎట్ల చూపియ్యాలె? అచ్చు దాక కొయ్యి.”

“ఎవలన్న ఒకసారి సూస్తే మంచిగుంటది మేడం.”

“నువ్వు బైండింగ్ చేస్తవా, నాకు పాఠం చెప్తవా?”

నవ్వేశాడు. “పాఠాలు మీయి, కత్తి నాది. సరే తీయున్రి” అని మూట కట్టుకుని పోయాడు.

శుక్రవారం పుస్తకాలు వచ్చాయి. తెల్లగా, నీటుగా ఉన్నాయి. నాకు ముచ్చటేసింది. అదే రోజు మధ్యాహ్నం స్నేహలత వచ్చింది. రుద్రారంలోని విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆ రాత ఆమె ముత్తాతది. దాని కోసమే నాలుగేళ్లుగా వెతుకుతోందట. ఆయన ఈ పుస్తకాలు ముందు పెట్టుకుని బొంతపల్లి చుట్టుపక్కల ఊళ్లలో, అక్షరం రాని కూలీలకు ప్రసంగాలు చెప్పేవాడట. నెల కిందట నేను సెలవులో ఉండగా వచ్చి ఫోన్లో రెండు పేజీల ఫోటోలు తీసుకుందట. అవి నాకు చదివి వినిపించింది. ఇంగ్లీషులో తుఫానులో ఓడ అని ఉన్నచోట ఆయన మంజీర వరదలో పుట్టి పడవ అని రాశాడు. యజమాని ముందు దాసుడు అని ఉన్నచోట, పటేలు ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డ మనిషి అని రాశాడు.

తరువాత ఆమె మొదటి పుస్తకం తెరిచింది. రెండోది తెరిచింది. మూడోది తెరవలేదు. నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ కన్నీళ్లు నిజమైనవే. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆమె వెళ్లాక అంచులు కోయమన్నదెవరని ప్రిన్సిపాల్ అయ్యగారు నన్నడిగారు. అట్టలు వేయమన్నాను గానీ కోయమనలేదని చెప్పాను. నర్సింలును పిలిపించారు.

“నేను అడిగిన గదా మేడం?” అన్నాడు.

“ఏమడిగినవ్ నర్సింలూ?”

ఏమీ తెలియనట్టే అడిగాను. అతను నా ముఖంలోకి చూసి, అయ్యగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. ఇక ఈ గడప తొక్కొద్దని అయ్యగారు చెప్పారు.

వరండాలో చెప్పులు వేసుకుంటూ నర్సింలు నాతో అన్నాడు. “కోసిన ముక్కలు దుకాణంల సంచిలున్నయ్ మేడం. సోమవారం అట్టల కంపెనీ బండొస్తది. గంతలోపట ఆ పిల్లకు ఫోన్ చెయ్యున్రి. ఏరుకుంటే దొరుకుతయ్.”

ఆమె నంబరు నా దగ్గరే ఉంది. శనివారం చేయలేదు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చున్నాను, చేయలేదు. ఆమె దుకాణానికి పోతే నర్సింలు నిజం చెప్తాడు. నా పదవీ విరమణకు ఇంకా ఏడు నెలలున్నాయి. సోమవారం సంచి పటాన్‌చెరుకు పోయి గుజ్జయింది.

కోయించినప్పుడు తెలియదు అనుకుందాం. అబద్ధమాడినప్పుడు భయం అనుకుందాం. మరి ఆ రెండు రోజులు? వాటికేం పేరు పెట్టాలి? వాటికి నా దగ్గర సాకు లేదు. తెలిసే చేశాను.

చర్చిల వాళ్లంతా నర్సింలుకు పని ఇవ్వడం మానేశారు. దుకాణం మూసి, పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి పోయాడు. పోయినేడు చనిపోయాడు. నేను వెళ్లలేదు. స్నేహలత ఆ పరిశోధన వదిలేసి వేరే అంశం తీసుకుంది. ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కు ఫోన్ చేస్తుంది. “ఆ రోజు నాతోపాటు ఏడ్చింది మీరొక్కరే మేడం” అంటుంది. నేను దేవుడు దీవించుగాక అంటాను.

క్షమాపణ అడగడం లేదు. ఇవ్వాల్సిన వాళ్లలో ఒకరు లేరు, ఇంకొకరికి తెలియదు. తెలియజేసే ధైర్యం వస్తుందో రాదో చెప్పలేను. కానీ మొదటిసారి ‘నేనే’ అని రాశాను. ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది. అంతే.

పోయినవి: పద్నాలుగు పుస్తకాల అంచులు. ఒక మనిషి ఊరూరా తిరిగి చెప్పిన మాటలు, రెండు పేజీలు తప్ప అన్నీ. ఒక పిల్ల నాలుగేళ్ల పని. నర్సింలు దుకాణం, అతని పేరు. నాది ఏదీ పోలేదు.