నా చేతికే మేలుకోని ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్‌కు కూడా నిద్ర ఉంటుందని మా టీచరమ్మ చెప్పినప్పుడు తరగతి అంతా నవ్వింది.

"మూత వేస్తే పడుకుంటుందండీ, తీస్తే లేస్తుంది. ప్రతిసారీ ఆపేయక్కర్లేదు. పాతది కదా, మళ్ళీ మొదట్నుంచి మొదలవ్వాలంటే దానికి చాలాసేపు పడుతుంది" అంది. ఆమెది గుంటూరు వైపు.

"మా ఆయనకంటే నయమే టీచర్. ఆయన దుప్పటి గుంజినా లేవడు" అంది నా పక్కన కూర్చునే పూలామె. మెట్రో దగ్గర పూలమ్ముతుంది.

మా తరగతి ఎల్‌బీ నగర్‌లో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో జరుగుతుంది. రోజూ సాయంత్రం రెండు గంటలు. పదకొండు మంది ఆడవాళ్లం, అందరం పెద్దయ్యాకే అక్షరాలు దిద్దినవాళ్లం. నేను నలభై ఎనిమిదో ఏట దిద్దాను. పెళ్లయి నల్లగొండ వైపు ఊరి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పటి నుంచీ జాకెట్లు కుడుతున్నాను. ఎవరి ఆది జాకెట్టు ఎవరిదో గుర్తుకు పేరు రాయడం రాక, లోపలి మూలన రంగుదారం వేసుకునేదాన్ని. ఎరుపు వేస్తే మేడ మీది ఆమెది, పచ్చది వేస్తే కిరాణా కొట్టు ఆమెది. ఒకసారి ఇద్దరికి ఒకే రంగు పడి ఒకరి జాకెట్టు ఇంకొకరికి పోయింది. అక్షరాల కోసం ఇల్లు దాటి రావడానికి కారణం అదే అని చెప్తుంటాను. నిజానికి అదొక్కటే కాదు, కానీ ఇక్కడ అది చాలు.

టీచరమ్మ మా అందరినీ ఎవరి బతుకులోని సంగతి వాళ్లు నోటుబుక్కుల్లో రాయమంది. అవన్నీ కలిపి పుస్తకం చేసి తలా ఒకటి ఇస్తానంది. టైపు చేసే పని నాకు అప్పజెప్పింది. "మీది మిషన్ మీద కుట్టే చెయ్యి, మీకు భయం ఉండదు" అని, తరగతికి ఎవరో ఇచ్చిన ఆ పాత ల్యాప్‌టాప్ మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి ఇచ్చింది. దాన్ని చీర కొంగులో చుట్టుకుని మెట్రోలో ఇంటికి తెచ్చుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తే. కుట్టుపని చేతుల వల్ల వచ్చింది. ఇది మాత్రం అక్షరాల వల్ల వచ్చిన మొదటి పని. ఇది పోతే ఇంకోటి వస్తుందన్న నమ్మకం లేదు.

మొదటి రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం మూత తెరిచాను. పూలామె రాసిన పేజీ సగం వరకు కొట్టి ఉన్నది ఒక్క క్షణం కనపడింది. రెండు చేతులూ పెట్టి కొట్టబోయేసరికి తెర నల్లబడింది. లోపల ఫ్యాను బుస్సుమని తిరుగుతోంది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. భయమేసి మూత వేసి, కాసేపాగి తెరిచాను. నలుపే. చివరికి పక్కనున్న బటన్‌ను గట్టిగా పట్టుకుంటే చచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలైంది. నేను కొట్టిన సగం పేజీ లేదు.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. అన్నీ విని కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"ఏం నొక్కినవ్?"

"ఏం నొక్కలే. చెయ్యి పెట్టిన, అంతే."

"నొక్కకుండ ఎట్ల ఆగుతది? జర పక్కకు జరుగు."

ఆయన మూత వేసి తెరిచాడు. లేచింది. మళ్లీ వేశాడు, తెరిచాడు. లేచింది. అలా పదిసార్లు. పదిసార్లూ మంచి పిల్లలా లేచింది. తర్వాత నన్ను తెరవమన్నాడు. తెరిచి చేతులు పెట్టానో లేదో, నలుపు.

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "బండి మంచిగనే ఉన్నది. డ్రైవర్‌ను మార్చాలె" అన్నాడు.

నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. మా వాడలో నా హస్తవాసి మంచిదని పేరు. పెళ్లికూతురి మొదటి జాకెట్టు నా చేత కుట్టిస్తే కాపురం నిలబడుతుందని నాగోల్ నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. అట్లాంటి చేయి తగిలితే ఇది ఎందుకు చచ్చిపోతోంది?

అప్పటి నుంచి నేను చేసిన పనులు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. చేతులకు చెమట అనుకుని పౌడరు రాసుకున్నాను. కరెంటు అనుకుని చెప్పులేసుకుని కూర్చున్నాను. దిక్కు మార్చి తూర్పుకు తిరిగాను. వింత ఏమిటంటే కొన్ని రోజులు నా చేతికి కూడా చక్కగా లేచేది, గంటసేపు కొట్టినా ఏమీ అయ్యేది కాదు. ఎందుకు లేచిందో, ఎందుకు లేవలేదో తెలుసుకోవాలని నోటుబుక్కు వెనక రాయడం మొదలుపెట్టాను. సోమవారం లేచింది, తలంటు పోసుకున్నాను. మంగళవారం లేవలేదు, పోసుకోలేదు. బుధవారం లేవలేదు. గురువారం లేచింది, ఆకుపచ్చ చీర. అంతే, మూడు రోజులు అదే చీర ఉతికి ఆరేసి కట్టాను. రెండో రోజుకే నలుపు. అక్షరాలొస్తే అన్నీ అర్థమవుతాయనుకున్నాను. రాసిన కొద్దీ ఇంకా అయోమయమైంది.

ఇంతలో పూలామె పేజీ రెండోసారి పోయింది. సేవ్ చేయడం టీచరమ్మ నేర్పింది కానీ, పూర్తయ్యాక చేద్దాములే అనుకునేదాన్ని. ఆ పేజీలో పూలామె వాళ్ల అక్క గురించి రాసింది. అమ్మ పోయాక సాకి పెద్దచేసిన అక్క. ఆ అక్క ఇప్పుడు దవాఖానలో ఉంది. తరగతిలో నేను విషయం చెప్పగానే పూలామె ముఖం మాడిపోయింది.

"రెండుసార్లు మా అక్కదే పోయిందా? ఇంకెవ్వరిది పోలేదా?"

"నీది కొట్టేటప్పుడే అట్లయింది వదినె. బుక్కుల నీ రాత అట్లనే ఉన్నది గద."

"ఉంటే ఉండనీ. నా బుక్కు నాకియ్యి. మా అక్క పేరు ఇంకోసారి తుడుచుకపోతే నేను తట్టుకోను."

నా సంచిలోంచి తనే వెతికి తీసుకుంది. మిగతా వాళ్లు ఎవరి నోటుబుక్కు వైపు వాళ్లు చూసుకున్నారు. టీచరమ్మ నన్ను హాలు బయటికి పిలిచింది.

"మిమ్మల్ని తప్పుపట్టట్లేదండీ. శనివారం ఎక్కడైనా చూపించండి. బాగవ్వకపోతే సోమవారం నుంచి ఇంకొకరికి ఇద్దాం. మీక్కూడా కొంచెం రెస్టు."

రెస్టు అన్న మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ ఒకటే ఆలోచన. నలభై ఎనిమిదేళ్లు దగ్గరికి రాని అక్షరాలు, ఇప్పుడు నా చేతిని పసిగట్టి వద్దంటున్నాయా?

శనివారం మా ఆయన, నేను కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కాంప్లెక్స్ రెండో అంతస్తులో ఉన్న రిపేరు షాపుకు పోయాం. షాపాయనకు నలభై ఏళ్లుంటాయి. బల్ల మీద విప్పేసిన ల్యాప్‌టాప్‌లు, ఒక పాత పళ్లెంలో ఆవగింజలంత స్క్రూలు. ఆయన మాది తెరిచాడు, మూశాడు, తెరిచాడు. లోపల ఏవో చూశాడు.

"అమ్మా, పాతదే గాని మంచిగున్నది. ఏం లేదు."

"చెప్పిన గద" అన్నాడు మా ఆయన నాతో, మెల్లగా.

"నేను తెరిస్తెనే ఆగుతది నాయనా" అన్నాను. చెప్పడానికి సిగ్గేసింది.

షాపాయన నవ్వలేదు. ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పాడు. "అయితే మీరే తెరువుండ్రి. ఇంట్ల ఎట్ల చేస్తరో గట్లనే."

తెరిచాను. చేతులు పెట్టాను. నల్లబడింది. ఫ్యాను బుస్సుమంది.

"ఇంకోసారి" అన్నాడు, బటన్ పట్టుకుని మళ్లీ మొదలుపెట్టి. నా చేతులకేసి వంగి చూస్తున్నాడు. మళ్లీ అదే. నేను విసుగుతో ఎడమ చేయి తీసి బల్ల మీద పెట్టాను. పళ్లెంలోంచి రెండు స్క్రూలు చిటుక్కున ఎగిరి నా మణికట్టుకు అతుక్కున్నాయి.

ముగ్గురం వాటినే చూశాం.

"ఏందమ్మా గది?"

అది మా ఆడబిడ్డ ఇచ్చిన కడియం. కుట్టీ కుట్టీ మణికట్టు నొప్పి అంటే, అయస్కాంతం ఉన్న కడియమని, రక్తం బాగా పారుతుందని తెచ్చి తొడిగింది. ఆరు నెలలుగా వేసుకుంటున్నాను.

షాపాయన దాన్ని తీసి దూరంగా కుర్చీలో పెట్టమన్నాడు. తెరవమన్నాడు. తెరిచాను. చేతులు పెట్టాను. లేచే ఉంది. మూసి తెరిచాను. లేచింది. ఎన్నిసార్లని, లెక్క మరిచిపోయాను.

"మూతల చిన్న అయస్కాంతం ఉంటదమ్మా. అది కిందికొస్తే, మూత పడ్డదనుకొని ఇది పండుకుంటది. మీరు తెరుస్తరు, ఇది లేస్తుంటది. అంతలనే మీ కడియం తగులుతది, మూత పడ్డదనుకుంటది. లేచేటోన్ని లేవకముందే మళ్ల పండుకో అంటే ఎట్లుంటది? పరేషానై ఆగిపోతున్నది. పాత మిషన్ గద."

"డ్రైవర్‌దే తప్పని నేను ముందే చెప్పిన" అన్నాడు మా ఆయన.

"డ్రైవర్‌ది కాదు, మెకానిక్ చెల్లెలిది అనాలె. మీ చెల్లె తెచ్చిందే గద" అన్నాను. షాపాయన అప్పుడు నవ్వాడు.

నాకు నవ్వుతో పాటు తల తిరిగినట్టయింది. ఆ కడియం సూదుల్ని లాగుతుందని ఈ లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. మిషన్ మీద కూర్చునే ముందు గుండుసూదులన్నీ దానికి అంటుకుంటాయని తీసి బీరువా మీద పెట్టేదాన్ని. కుట్టుపని కాగానే అట్లాగే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న రోజుల్లో అది లేచేది. వంట అయ్యాక కూర్చుంటే లేచేది కాదు. తలంటూ ఆకుపచ్చ చీరా రాసుకున్నాను గానీ, మణికట్టు సంగతి ఒక్కనాడూ రాయలేదు.

ఇంకొక సంగతి అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. చేయి చెడ్డది కాదు, ఇనుము ముక్క అని తేలింది, సంతోషం. మరి పెళ్లికూతుళ్ల జాకెట్లకు వచ్చిన మంచి పేరు ఎక్కడిది? చెడు నా చేతిలో లేనప్పుడు మంచి మాత్రం ఎట్లా ఉంటుంది? మా ఆయన్ని అడిగితే "వచ్చిన గిరాకీని ఎందుకు చెడగొట్టుకుంటవ్, మాట్లాడకు" అన్నాడు. ఇప్పటికీ ఎవరైనా నీ చెయ్యి మంచిదక్కా అంటే తల ఊపాలో వద్దో తెలియక కొలతలు అడుగుతాను.

సోమవారం తరగతిలో అంతా చెప్పాను. టీచరమ్మ కడియం తెప్పించుకుని తనే పెట్టి చూసింది, నల్లబడితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పని నన్నే చేయమంది. కానీ ఆ రోజు నుంచి మా వాళ్లు ల్యాప్‌టాప్ దగ్గరికి రావాలంటే గాజులు, ఉంగరాలు తీయడం మొదలుపెట్టారు. అయస్కాంతం ఒక్కటేనని ఎంత చెప్పినా వినరు. ఒకామె "కాలి మెట్టెలు గూడ తియ్యాల్నా?" అని అడిగింది.

పూలామె ఆ రోజు రాలేదు. పుస్తకంలో పది కథలే ఉంటాయా, పదకొండు ఉంటాయా? పది ఉంటే అది నా చేతుల మీద జరిగిన లోటే. మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల కింద ఆమె పూలు పెట్టుకునే చోటికి పోయాను. మల్లెలు మూర కడుతూ, కడియం కథ మొత్తం విన్నది.

"అయితే ఇంక ఆగదా?"

ఆగదని చెప్దామని నోటి దాకా వచ్చింది. కానీ ఆదివారం కడియం లేకుండానే ఒకసారి ఆగింది. ఫోన్ చేసి అడిగితే ఎందుకో షాపాయనకూ తెలియలేదు, పాతది అన్నాడు.

"ఆగొచ్చు వదినె. ఆగినా పోకుండ నాలుగు ముక్కలకొకసారి సేవ్ చేస్తున్న. దీనికి మీ అక్కకు ఏం సంబంధం లేదు."

"నీకెట్ల తెల్సు?"

"తెల్వదు" అన్నాను.

ఆమె కడుతున్న మూర ముడేసింది. ఒకాయన మూర కొనుక్కుని పోయాడు. తర్వాత బుట్ట కింద నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన నోటుబుక్కు తీసింది, నా చేతికివ్వకుండా తన ఒళ్లోనే తెరిచి పెట్టుకుంది.

"నా ముందర కొట్టు. నేను సదువుత."

వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. నేను కొట్టాను. పైన రైలు పోయినప్పుడల్లా ఆగి, మళ్లీ చదివింది. పేజీ పూర్తయ్యాక మూయమంది. మూశాను. తెరవమంది. తెరిచాను. వాళ్ల అక్క పేరు ఉన్నచోటే ఉంది. దాన్ని వేలితో చూపించింది, తెరను మాత్రం తాకలేదు.

"ఆగు. ఇంకో మాట కలుపు" అంది. "దవాఖానల మా అక్క నిన్న పొద్దున ఒక ఇడ్లీ తిన్నది అని రాయి. సగం కాదు, మొత్తం తిన్నది అని."