సరిహద్దులో నన్నెవరూ ఆపలేదు

ఒక మనిషి పరువు కొన్నేళ్ళుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను కోతలరాయుణ్ణి. ఢిల్లీని ఆనుకుని యూపీలో ఉన్న ఇందిరాపురంలో మా తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే నా చుట్టూనే చేరతారు. యమునలో మొసలిని చూశానంటే "ఎంత పొడుగు గురూ?" అంటారే గానీ నిజమా అని అడగరు. ఎవరికీ నష్టం లేని అబద్ధాలు. అలాగే అనుకునేవాణ్ణి.

ఢిల్లీలో మందు షాపులు పోటీపడి ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న రోజులు గుర్తున్నాయా? తర్వాత ఆ తగ్గింపులు ఆపించారు. ఆపడమే మంచిదనేవారు మా బ్లాకులో ఉండే మూర్తిగారు. ఆయన ఆఫీసు ఢిల్లీలోని మునిర్కాలో, సరిగ్గా ఒక మందు షాపుకి ఎదురుగా. చవగ్గా దొరికినన్నాళ్ళూ ఆ ఫుట్‌పాత్ మీద రోజూ తలలు పగిలేవట. ధర పెరిగాక గొడవలు సద్దుమణిగాయట.

"ఇంతకంటే తక్కువకి అమ్మకూడదని అన్ని రాష్ట్రాల్లోనూ కనీస ధర ఉండాలండీ" అనేవారు.

"నేరం తగ్గదు మాస్టారూ, కారెక్కుతుంది!" అన్నాను నేను. అందరూ నవ్వారు.

నా మాటని నేనే నిజం చేశాను. నా ఉద్యోగం హర్యానాలోని గుర్‌గావ్‌లో. అక్కడ మందు చవక. మిత్రులకి కావలసిన సీసాలు డిక్కీలో వేసుకుని, ఢిల్లీ దాటించి, యూపీలోకి తెచ్చేవాణ్ణి. నేరమని తెలుసు. మేం దాన్ని షాపింగ్ అనేవాళ్ళం.

దీపావళికి ముందు ఒక సాయంత్రం, సరిహద్దులో బారికేడ్లు కనిపించాయి. కారు పక్కకి తీసి, సీసాల సంచీ మొత్తం మురుగునాలాలో పడేశాను. తీరా ముందుకెళితే, పొగ కక్కే లారీలను ఆపుతున్నారు. నా వైపు చూసినవాడే లేడు.

ఇది ఉన్నదున్నట్టు చెబితే ఎంత మంచి కథ! కానీ నవ్వేది నన్ను చూసి. అది నేను భరించలేకపోయాను. పోలీసులు పట్టుకున్నారని, సీసాలు లాక్కున్నారని, నా హిందీతో వాళ్ళని బుట్టలో వేసుకుని బయటపడ్డానని చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. పొద్దున నేను బయల్దేరుతుంటే మూర్తిగారు పార్కింగ్‌లో నిలబడి నా కారు నంబరు ఎవరికో ఫోన్లో చెబుతున్నారని కూడా అన్నాను.

ఆ పేరే ఎందుకొచ్చింది నోటికి? వాదనలో ఆయనే గెలుస్తున్నారనా? ఏమో. నమ్మడానికి మాత్రం అందరూ సిద్ధంగా ఉన్నారు.

ఆ కార్తీకంలో వనభోజనాలకి మూర్తిగారింటికి కబురు వెళ్ళలేదు. పార్కులో మాకు ఉసిరిచెట్టు ఎక్కడిది? ఏటా ఆయన బాల్కనీలోని కుండీమొక్కనే మధ్యలో పెట్టుకుని భోంచేసేవాళ్ళం. పిలవకపోయినా ఆయన ఆ కుండీ మోసుకొచ్చారు. దించారు. ఎవరూ కూర్చోమనలేదు. నేరుగా నా దగ్గరికొచ్చారు.

"నేను ఫోన్ చేశానా? మీరు చూశారా?"

"చూడకుండా చెబుతానా?"

"చూడనివి చాలానే చెబుతారు కదండీ మీరు."

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడైనా నవ్వేసి, దొరికిపోయానని చేతులెత్తేయవచ్చు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేనేమన్నానో తెలుసా?

"ఈసారి మాత్రం నిజం. మా అమ్మాయి మీద ఒట్టు."

మా అమ్మాయి అక్కడే షటిల్ ఆడుకుంటోంది. ఆయన వెళుతూ వెళుతూ దాని తల నిమిరి వెళ్ళారు. మేం ఆ ఉసిరిమొక్క చుట్టూ కూర్చుని పులిహోర తిన్నాం. కొన్నాళ్ళకి మూర్తిగారి వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఫరీదాబాద్ వెళ్ళిపోయారు. పిల్లల స్కూలు కోసమని చెప్పుకున్నారు.

ధర పెరిగితే నేరాలు తగ్గుతాయా? మునిర్కాలో తగ్గాయనే అనుకుంటున్నాను, ఆయన చూసిందే చెప్పే మనిషి కాబట్టి. నా డిక్కీలో పెరిగాయి, అదీ నిజమే. కానీ పార్కులో వేసిన ఒట్టుకి ఏ ధర కారణమని చెప్పను? ఆ రోజు నేను తాగి కూడా లేను.

ఆయన నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. చెయ్యలేదు. చేస్తానని మీకు మాటిచ్చి ఇంకో కోత కొయ్యను. మొన్న కూడా ఎవరో ఆ పోలీసుల కథ చెప్పమంటే, పనుందని లేచొచ్చేశాను. ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను.

మూర్తిగారు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

రాశాను. క్షమించమని అడగడానికి ఇక్కడ ఆయన లేరు, మీరు క్షమిస్తే అది చెల్లదు. కానీ ఊపిరి కొంచెం ఆడుతోంది.