చివరి కొక్కెం

ఆదివారం పొద్దున జొన్నరొట్టె తుంచి నా కూతురు నవ్య నోట్లో పెట్టబోతే ముఖం పక్కకు తిప్పుకుంది. "అమ్మా, నీ చేతులు ఇనుము వాసనొస్తున్నయ్" అంది. సబ్బుతో కడిగాను, నిమ్మచెక్క రుద్దాను, మళ్ళీ కడిగాను. బురదలో నానిన ఇనుప గొలుసు వాసన అంత సులువుగా వదలదు. బాచుపల్లిలో మా వంటగది కిటికీ బయట సన్నగా వాన పడుతోంది. అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా కూతురికి గిట్టని ఆ వాసన నాకు మాత్రం దేవదానం గారిని తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. ఆయన గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. రొట్టెలు చల్లారిపోతే పోనీ అని కూర్చున్నాను.

నేను కాంక్రీటు లారీ నడుపుతాను. వెనక పెద్ద డ్రమ్ము గిరగిరా తిరుగుతూ ఉంటుంది. నానక్‌రామ్‌గూడ వైపు ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు హారన్ కొట్టి తిట్టుకునే బండి అదే. అంతకుముందు స్కూలు వ్యాను నడిపేదాన్ని. పిల్లల్ని దింపి ఖాళీ వ్యానుతో తిరిగొస్తుంటే పక్కనుంచి పెద్ద బండ్లు పోయేవి, నా కళ్ళు వాటి వెంటే పోయేవి. నాకు నోరెక్కువ, మొండితనం అంతకంటే ఎక్కువ. ఇంట్లో వద్దన్న కొద్దీ పట్టుబట్టి హెవీ లైసెన్సు తెచ్చుకుని కాంక్రీటు ప్లాంటులో చేరాను. చేరడం చేరడం నిండు వానాకాలంలో చేరాను.

అద్దాల మేడ పైకి లేవాలంటే ముందు భూమిలోకి దిగాలి. మేం కాంక్రీటు పోసే చోట ఊరి చెరువంత గుంత తవ్వారు. లోపలికి దిగడానికి మట్టి దారి వేశారు. వాన పడితే ఆ దారి మీద మనిషే నిలవలేడు, నిండు డ్రమ్ముతో లారీ ఏం నిలుస్తుంది? అందుకని వెనక చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టేవాళ్ళం. మంచుకొండల్లో లారీలకు చుట్టే గొలుసులే అవి. హైదరాబాదు బురదలో వాటిని వాడదామన్నది దేవదానం గారే. ఆయనది గుంటూరు వైపు. సైన్యంలో లారీ నడుపుతూ కాశ్మీరు మంచుదారుల్లో వయసంతా గడిపి వచ్చిన మనిషి. భార్య పోయాక కొండాపూర్‌లో నర్సుగా పనిచేసే చెల్లెలి ఇంట్లో ఉంటూ, మా ప్లాంటు తరఫున ఆ గుంత గేటు దగ్గర పనిచేసేవారు.

గేటంటే బురద ఆగిపోయి తారురోడ్డు మొదలయ్యే చోటు. గొలుసులు అక్కడ విప్పేయాలి. విప్పకుండా రోడ్డెక్కితే తెగి, బండి కిందే కొరడాలా కొట్టుకుంటాయి. గుంతలోకి దిగే ముందు గొలుసులు కట్టడానికి అందరూ సాయం వస్తారు, ఎందుకంటే అప్పుడు అందరికీ భయమే. పైకొచ్చాక భయం తీరిపోతుంది, ఎవరి తొందర వాళ్ళది. ఆ తొందర లేని మనిషి ఒక్కరే గేటు దగ్గర నీళ్ళ పైపు పట్టుకుని నిలబడి ఉండేవారు. చక్రాలు కడిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ప్రతి బండికీ గొలుసు విప్పడంలో చెయ్యి వేసేవారు.

పైగా ఆయన ప్రతివాళ్ళనూ 'అండి' అనేవారు. మనుషుల్నే కాదు, లారీలను కూడా. మేం బండిని వెనక్కి తీస్తుంటే మిగతావాళ్ళు "రా, రా, రానియ్" అని అరుస్తారు. ఆయన మాత్రం చెయ్యి ఊపుతూ "రండి, రండమ్మా, కొంచెం ఎడమకి రండి" అని బండితోనే మాట్లాడేవారు. మాకు ఒకటే నవ్వు. నేనైతే ముఖం మీదే ఆటపట్టించేదాన్ని. "సార్, మీ లారీ చాయ్ తాగుతదా, అడగరాదు?" అనేదాన్ని. ఆయన కోపం తెచ్చుకోకపోగా, బండి వైపు తిరిగి నిజంగానే అడిగేవారు.

నేను బురదలోకి దిగిన మొదటి రోజు ప్లాంటు మేనేజరు గొడుగు వేసుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. "చూడమ్మా స్వరూపా, ఇక్కడ ఎవరి బండి వాళ్ళే చూసుకోవాలి. గొలుసు కట్టుకోవడం, విప్పుకోవడం నీ చేతుల్తో వస్తేనే నువ్వు డ్రైవరువి. లేదంటే స్కూలు వ్యానే నయం" అన్నాడు. కట్టడం అందరం సాయం పట్టి కట్టాం, గుంతలోకి దిగాను, కాంక్రీటు దింపాను, ఇంజను గొంతు చించుకుంటూ పైకి వచ్చాను. అంతవరకూ బాగానే ఉంది. గేటు దగ్గర దిగి చక్రం ముందు కూర్చున్నాక ప్రాణం ఉసూరుమంది. గొలుసుకు రెండు కొక్కేలు ఉంటాయి. ఒకటి టైరు వెనక, కంటికి కనపడదు, తడిమి తీయాలి. రెండోది బయటివైపు, ఎదురుగా ఉంటుంది. లోపలిది మట్టితో బిగుసుకుపోయి, ఎంత లాగినా రాలేదు. గోళ్ళు విరిగాయి. మేనేజరు ముందు ఏడవకూడదన్న పంతంతో మళ్ళీ లాగాను.

దేవదానం గారు నీళ్ళ పైపు పట్టుకుని, చక్రం కడుగుతున్నట్టుగా నా పక్కన కూర్చున్నారు. నీళ్ళు లోపలికి కొడుతూనే ఇంకో చెయ్యి టైరు వెనక్కి పోనిచ్చారు. టక్కుమని చిన్న చప్పుడు వినపడింది. గొలుసు బిగువు వదిలింది. బయటి కొక్కెం మీద కూడా చెయ్యి వేశారు, ఇక తీసేస్తారనుకున్నాను. తీయలేదు. మెల్లగా లేచి నిలబడి, "ఇది మీరు తీయండమ్మా స్వరూప గారూ" అన్నారు. లాగాను. గొలుసు మొత్తం జల్లుమని నేల మీద పడింది.

"తీశారా అండీ?" అని అడిగారు.

"తీసిన."

"గట్టిగా చెప్పండి. ఆ గొడుగు కింద ఉన్నాయనకి వాన చప్పుడులో వినపడదు."

"తీసిన!" అని అరిచాను. మేనేజరు తలూపి వెళ్ళిపోయాడు. ఆ వానాకాలం చాలారోజుల పాటు లోపలిది ఆయన తీశారు, బయటిది నేను తీశాను. ఎప్పటినుంచి రెండూ నేనే తీయడం మొదలుపెట్టానో నాకు గుర్తు లేదు. ఆయన ఎప్పుడు మానేశారో కూడా తెలియనివ్వకుండా మానేశారు.

పని లేనప్పుడు గేటు పక్కనున్న రేకుల గోడ చాటున కూర్చుని చాయ్ తాగేవాళ్ళం. ఆయన గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకునేవారు. కుడిచేతి వేళ్ళ కొసల్లో స్పర్శ ఉండేది కాదు. మంచు కొరికిందని చెప్పారు. కనుమ దిగాక ఎవరో తెలియని డ్రైవరు గొలుసు విప్పలేక అవస్థ పడుతుంటే, చేతి తొడుగులు తీసేసి సాయం చేశారట. తొడుగులతో కొక్కెం దొరకదు మరి. "అతను ఎవరండీ అంటే నాకూ తెలియదమ్మా. పేరు అడిగే లోపే బండెక్కి పోయాడు" అని నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పేరైనా చెప్పకుండా పోయిన ఆ మనిషిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

"గింత మర్యాద ఎక్కడ నేర్చుకున్నరు సార్, లారీని గూడ అండి అంటరు?" అని ఒకసారి అడిగాను. "మంచులో దారి మూసుకుపోతే రోజుల తరబడి బండిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణమ్మా. మాట్లాడ్డానికి బండి తప్ప ఎవరూ లేరు. ఉన్న ఒక్క తోడునీ ఏరా ఒరేయ్ అంటే ఏం బాగుంటుంది చెప్పండి?" అన్నారు. ఆ రోజు తర్వాత ఆయన అండిని నేను వెక్కిరించలేదు. అలాగని నేను అనడమూ మొదలుపెట్టలేదు. మా నోటికి అది రాదు.

కొన్నేళ్ళు గడిచాయి. గుంతలు మారాయి, గేట్లు మారాయి, గేటు దగ్గర ఆయన మాత్రం మారలేదు. చేతులే మారాయి. ముందు వణుకు వచ్చింది, తర్వాత పట్టు తప్పింది. "దవాఖానల చూపించుకున్నరా?" అంటే "చెల్లెలు నర్సే కదమ్మా, రోజూ చూస్తూనే ఉంది" అని మాట తప్పించేవారు. ఆ చెల్లెలు ఇంట్లో కూర్చోమని పోరుతోందని తర్వాత తెలిసింది. మేనేజరూ చెప్పాడు, మర్యాదగానే చెప్పాడు. "దేవదానం గారూ, గొలుసుల దగ్గర ఆలస్యమై గుంతలోకి దిగాల్సిన బండ్లు ఆగిపోతున్నాయండీ. డ్రమ్ములో కాంక్రీటు గట్టిపడితే నా పని అయిపోతుంది. మీకు వీలుకాకపోతే వేరేవాళ్ళని పెడతాను." అతనిదీ తప్పు కాదు. ఆ సాయంత్రం ఆయన నాతో ఒక్క మాటే అన్నారు. "ఇంట్లో కూర్చుంటే నేను రండి అని ఎవర్ని పిలవాలమ్మా?"

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు గుంతలోంచి పైకొచ్చి, గేటుకు కొంచెం ఇవతల, రేకుల చాటున బండి ఆపాను. గబగబా దిగి, బిగువు వదిలించి, లోపలి కొక్కేలు తీసేశాను. ఒక్కో గొలుసుకు బయటివైపుది ఒక్కటే మిగిల్చి, మళ్ళీ బండెక్కి అడుగులో అడుగు వేస్తూ గేటు దాకా నడిపాను. ఆయన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని కొక్కెం నొక్కారు. గొలుసు జల్లుమని పడింది. "అయిందండీ, వెళ్ళండి" అన్నారు. ఆ గొంతులో సంతోషం విని నా కడుపు నిండింది.

కొన్నాళ్ళకు లక్ష్మణ్ అనే మా డ్రైవరు కూడా రేకుల చాటున బండి ఆపి, టైరు వెనక చెయ్యి పెట్టి కనపడ్డాడు. "ఏందన్నా, ఈడ ఆపినవ్?" అన్నాను. "నువ్వెందుకు ఆపుతున్నవో గందుకే" అన్నాడు. ఆ వానాకాలమంతా మా బండ్లేవీ ఆలస్యం కాలేదు. మేనేజరు కూడా ఊరుకున్నాడు.

చలికాలం మొదట్లో తుఫాను పట్టుకుంది. మామూలుగా ఆ నెలలో బురద ఉండదు. ఈసారి బురదా ఉంది, దానికి తోడు ఎముకలు కొరికే చలి గాలి. నా బండి గేటు దగ్గరకు వచ్చింది, నేను దిగాను. ఆయన కూర్చుని కొక్కెం పట్టుకున్నారు. వేళ్ళు ముడుచుకోలేదు. మళ్ళీ పట్టుకున్నారు. అరచేత్తో తోశారు. రాలేదు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. కాస్త దూరంలో మేనేజరు గొడుగు. వంగి లాగేయాలని నా చేతులు గుంజుతున్నాయి. లాగేస్తే ఆయన పని అక్కడితో సరి. అందుకని బిగబట్టుకుని నిలబడ్డాను.

ఆయన తలెత్తి చూశారు. "మీరు తీసేయండమ్మా" అన్నారు.

"మీరే తియ్యుండ్రి సార్. ఏం తొందర లేదు."

ఆయన నవ్వారు. "లోపలివి ఎవరు తీస్తున్నారో నాకు తెలియదనుకున్నారా? ఈ ఏడాది వానలన్నిటికీ నా చేతికి ఒక్కటే మిగులుతోంది. గొలుసులతోనే బతికినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా?"

"మరి చెప్పలేదేం?"

"అంత ప్రేమగా దాస్తుంటే ఎలా చెప్పనమ్మా?"

కళ్ళ నిండా నీళ్ళు. ఎలా వచ్చిందో తెలియదు, "నేర్పింది మీరే కదండీ" అన్నాను.

"అండీ అన్నారు!" అని ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. తర్వాత నా భుజం పట్టుకుని లేచి నిలబడి, "ఇవాళ్టికి మీరే తీయండి" అన్నారు. తీశాను. ఎవరూ పొమ్మనకుండానే ఆయన గొడుగు దగ్గరకు నడిచి, "రేపట్నుంచి రానండీ బాబూ" అని మేనేజరుకు చెప్పారు. చెప్పేసి మళ్ళీ గేటు బయటికి వచ్చి, రోడ్డు మీద నిలబడి నా బండికి చెయ్యి ఊపారు. ముందు అద్దంలోంచి ఆయన పెదాలు కదలడం కనపడింది. ఏమంటున్నారో వినపడకపోయినా నాకు తెలుసు.

ఆ తర్వాత వాన పడిన ప్రతిసారీ కొండాపూర్ నుంచి ఫోను చేసేవారు. నవ్య చదువు అడిగి, చివర్లో "మన బండి గారు ఎలా ఉన్నారండీ?" అని అడిగేవారు. నిరుడు ఒక పెద్ద వానకు ఫోను రాలేదు. నేనే చేశాను. చెల్లెలు ఎత్తింది. ఆవిడ గొంతు వినగానే విషయం అర్థమైంది.

మా ప్లాంటులో కొత్తగా రేణుక అని ఒక అమ్మాయి చేరింది. నిన్న ఆమె మొదటిసారి బురదలోకి దిగింది. గేటు దగ్గర అదే మేనేజరు, అదే గొడుగు. జుట్టు మాత్రం నెరిసింది. రేణుక చక్రం ముందు కూర్చుని, "అక్కా, వస్తలేదు" అంది, పెదవి కొరుక్కుంటూ. నేను నీళ్ళ పైపు అందుకుని పక్కన కూర్చున్నాను. టైరు వెనక్కి చెయ్యి పోనిచ్చి లోపలి కొక్కెం తీశాను. బయటిదాని మీద చెయ్యి వేశాను. ఒక్క క్షణం ఆగి, తీయకుండా లేచాను.

"ఇగ ఇది నువ్వు తియ్యి."

గొలుసు జల్లుమని పడింది. "తీసిన!" అని అరిచింది, నేను చెప్పకుండానే. మేనేజరు తలూపాడు.

నేను గేటు దాటి తారురోడ్డు మీద నిలబడ్డాను. ఆ బండికి చెయ్యి ఊపాను. "రండి, రండమ్మా, ఇటు రండి" అన్నాను.