తొమ్మిదంగుళాల రిమ్ములు

టైర్ల షాపులో అందరూ ఆయన్ని కొలతలాయన అనేవాళ్లు. ఇరవై ఆరేళ్లుగా కార్లకు టైర్లు ఎక్కిస్తున్నా, టేపు పెట్టి రిమ్ము వెడల్పు చూసుకోందే టైరు ముట్టుకునేవాడు కాదు. రిమ్ము మీద రాసే ఉంది కదా అని ఎవరైనా విసుక్కుంటే, "నా వయసూ కాగితం మీద రాసే ఉంది. బళ్లో వేసేటప్పుడు మా నాన్న నోటికొచ్చింది రాయించాడు" అనేవాడు.

అలాంటి మనిషిని లొంగదీసినవాడు బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, ఈయన భుజాలెక్కి పెరిగినవాడు. పాత కారొకటి కొనుక్కుని, ఎక్కడెక్కడో తిరిగి తొమ్మిదంగుళాల వెడల్పు రిమ్ములు పట్టుకొచ్చాడు. వాటికి తన పాత సన్న టైర్లే ఎక్కించమన్నాడు. టైరు పక్కలు ఏటవాలుగా సాగి రిమ్ము బయటికి కనబడాలట. అదీ షోకు.

"ఈ టైరు ఐదున్నర నుంచి ఏడంగుళాల రిమ్ముకే పడుతుందిరా. తొమ్మిదంటే సాగదీసి కూర్చోబెట్టాలి. గాలి కాస్త తగ్గిందంటే మలుపులో టైరు అంచు రిమ్ము మీంచి జారిపోతుంది."

"ఊరంతా వేసుకుని తిరుగుతున్నారు బావా. నువ్వు కాదంటే ఇంకెవడో ఎక్కిస్తాడు. వాడికి నీ చెయ్యి వస్తుందా?"

ఈయన కాసేపు బెట్టుచేశాడు. ఇంతలో భార్య ఫోన్ చేసింది. "వాడు ముచ్చటపడుతున్నాడండీ, చేసిపెట్టండి."

చేసిపెట్టాడు. మామూలుకన్నా బాగా ఎక్కువ గాలి కొడితే గానీ అంచులు కూర్చోలేదు. ఒక్కో టైరు టప్పుమన్నప్పుడల్లా ఈయన ప్రాణం చివుక్కుమంది. వారం వారం గాలి చూయించుకోమని మూడుసార్లు చెప్పాడు. బావమరిది అలాగే అలాగే అంటూ కారు తీశాడు.

నలభై రోజులు తిరిగిందా కారు. ఒక మధ్యాహ్నం వంతెన దిగే మలుపులో అదుపు తప్పి గోడను గుద్దుకుంది. బావమరిది అక్కడికక్కడే పోయాడు. పక్కసీట్లో ఉన్న అతని భార్యకు ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

పోలీసులు మితిమీరిన వేగం అని రాసుకున్నారు. కొలతలాయన స్టేషన్ ఆవరణలో కారును చూశాడు. ముందు టైరుకు చీలికా లేదు, చిల్లూ లేదు. అంచు మాత్రం రిమ్ము దిగి బయటికి వేలాడుతోంది. ఆయనకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి నోరు మెదపలేదు. మూడు వారాలు అలాగే గడిపాడు.

ఆసుపత్రి నుంచి కోడల్ని తీసుకొచ్చిన రోజు అత్తగారు ఉండబట్టలేకపోయింది.

"దారిపొడుగునా వాడితో గొడవేసుకుని ఉంటావు. నీ నోరే నా కొడుకుని తినేసింది."

"గొడవేం లేదత్తయ్యా. పాట వింటున్నాం" అందా పిల్ల, గోడవైపు చూస్తూ.

కొలతలాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అత్తయ్యా, ఆ అమ్మాయిని ఏమీ అనకండి. వేగమూ కాదు. ఆ రిమ్ములకు పనికిరాని టైర్లు ఎక్కించాను. పనికిరావని తెలిసే ఎక్కించాను."

ఆయన భార్య, "నేను కదా చెయ్యమన్నాను" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. అత్తగారు అల్లుడికి వీధి తలుపు చూపించింది.

మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లాడు. కేసు మూసేశామయ్యా, ఇంటికెళ్లి పడుకోమన్నారు. ఆయన బల్లముందు నుంచి కదల్లేదు. చెప్పిందంతా రాయించి సంతకం పెట్టాకే లేచాడు. షాపువాళ్లు ఆ వారమే పనిలోంచి తీసేశారు. కోర్టు ఎనిమిది నెలలు జైలు వేసింది.

బయటికొచ్చాక సైకిళ్లు బాగుచేసే చోట పనికి కుదిరాడు. అత్తగారు మళ్లీ కోడల్ని పల్లెత్తు మాటనలేదు. అల్లుడి మొహం కూడా చూడలేదు. భార్య అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, తమ్ముడి ఊసు మాత్రం ఎత్తదు.

ఆ పిల్ల అప్పుడప్పుడూ పెట్టుడుకాలు మీద మెల్లగా మెట్లెక్కి వచ్చి వదిన దగ్గర కూర్చుంటుంది. ఒకరోజు ఆయన్నే అడిగింది.

"అన్నయ్యా, టైరు జారిన సంగతి మా ఆయనకి తెలిసి ఉంటుందా?"

తెలియదని చెప్పబోయి మానుకున్నాడు.

"తెలిసి ఉంటుందమ్మా. స్టీరింగు మాట వినదు."

ఆమె తలూపింది. భార్య లేచి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.