రంగు దిగిన పెండ్లి చీర

పెళ్ళికూతుళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. కానీ గుడి నేల మీద ఎర్రటి అడుగులేసుకుంటూ వచ్చి, పెళ్ళికొడుకును మెడ నుంచి మోకాలి దాకా రంగులో ముంచి, అయ్యగారి చేత ప్రార్థన మధ్యలో ఆపించిన పెళ్ళికూతురిని చూసి ఉండరు. అలాంటిదాన్ని చూడాలంటే ఎక్కడికో పోనక్కరలేదు, అది నేనే.

నిజాం సర్కారు ఇంకా నడుస్తున్న రోజులు. భువనగిరి దగ్గరి ఒక పల్లెలో మేము కూలి చేసుకు బతికే క్రైస్తవులం. మాలో ఏ పిల్ల పెళ్ళయినా తెల్లచీరే కట్టాలి. అదీ సొంత చీర కాదు. మిషను పెట్టెలో ఒకే ఒక చీర ఉండేది. పెళ్ళినాడు మా గుడి పాస్టరు అయ్యగారి భార్య తీసి ఇచ్చేది, మర్నాడు ఉతికించి దాచేది. పొడుగుపిల్లకు అది పిక్కల దాకా వచ్చేది, పొట్టిపిల్ల కట్టుకుంటే గుడి ఊడ్చే పని తప్పేది.

"నాకది వద్దు నాయినా. నేను ఎర్రచీరె కట్టుకుంట," అన్నాను.

"అందరు తెల్లదే కడ్తరు గద బిడ్డా."

"అందరు కడ్తరనే నాకొద్దంటున్న!"

ఆ వయసులో నా తెలివి అలా పొంగి పొర్లుతుండేది. పాపం నాయిన, నన్ను భువనగిరి అంగడికి తీసుకుపోయాడు. అక్కడ పండుమిరపకాయ రంగు చీర ఒకటి కనబడింది. ఇక నా కళ్ళు ఇంకో చీర మీదికి పోలేదు.

"రంగు పోతదా?" అని నాయిన అడిగాడు.

"చీరె చినుగుతది గని రంగు పోదు. పక్కా!" అన్నాడు దుకాణదారు.

"జర నీళ్ళల్ల ముంచి చూస్తం మరి."

"కొత్తచీరెను నీళ్ళల్ల ముంచుతరా ఎవలన్న? మడతలు ఖరాబైతయి!"

ఈ చివరి మాట అన్నది దుకాణదారు అనుకుంటున్నారా? కాదు, నేనే.

పెళ్ళి మా ఆయన దేవదానం వాళ్ళ ఊరిలో. ఎండాకాలం, ఆకాశంలో మబ్బు తునక లేదు. మా బండి గుడికి కాస్త దూరంలో ఉండగా ఎక్కడినుంచి వచ్చిందో వాన, రాళ్ళతో సహా విరుచుకుపడింది. దేవదానం గొంగడి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తను కుట్టించుకున్న కొత్త తెల్లబట్టల సంగతి మరిచి, నేను తడవకూడదని ఒకే గొంగడి కింద నన్ను ఆనుకుని గుడిదాకా నడిపించాడు. అంత ప్రేమగల మనిషికి నేనిచ్చిన బహుమానం ఏమిటో లోపలికి వెళ్ళాకగానీ తెలియలేదు.

"నెత్తురు! పిల్ల కాళ్ళకు నెత్తురు!" అని వెనక ఎవరో కేకేశారు.

అయ్యగారు ప్రార్థన ఆపి కళ్ళు తెరిచారు. "ఏం మరియమ్మా, కాలికి ముల్లు గుచ్చుకున్నదా?" అని నన్నడిగారు.

"లేదయ్యా."

"మరి గీ రక్తమేంది?"

"చీరె... అయ్యా."

పెళ్ళికొడుకు అప్పుడు తన ఒళ్ళు చూసుకున్నాడు. ఒక పక్క తెలుపు, ఒక పక్క ఎరుపు. ఆయన పెదనాయిన లేచి నిలబడ్డాడు.

"శకునం మంచిగ లేదు, పెండ్లి ఆపుండ్రి! పది మంది కట్టే చీరె కట్టని పిల్ల మనింట్ల ఏం ఇముడుతది?"

నాయిన తల దించుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కొంగుతో మొహం తుడుచుకున్నాను. అంతే, మొహానికీ రంగంటుకుంది. నా దుఃఖాన్ని చూసి కూడా నలుగురు నవ్వారు.

అప్పుడు దేవదానం తల్లి, మా అత్త శాంతమ్మ లేచింది. మామ పోయినప్పటినుంచి ఆమె ఒళ్ళు తెలుపు తప్ప మరో రంగు ఎరగదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, నా కొంగు అందుకుని రెండు చేతులా పిండింది. కారిన ఎర్రనీళ్ళను తన తెల్లచీర మీద, అందరూ చూస్తుండగా, నిండుగా పూసుకుంది.

"ఇంటికొచ్చే కోడలి రంగు ఇంటోళ్ళకు అంటాలె. ఇది మా ఆచారం," అంది.

"గీ ఆచారం ఎప్పటిసంది?" అన్నాడు పెదనాయిన.

"ఇయ్యాల్టిసంది. నువ్వు గూడ జర ఇటు రా బావా!"

ఆయన తప్పించుకునేలోపే తలపాగా మీద అయిదు వేళ్ళూ పడ్డాయి. జనం గొల్లున నవ్వారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా కొంగు పిండుకోసాగారు. అయ్యగారు పుస్తకం గుండెకు హత్తుకుని వెనక్కి జరిగారు. "నన్నిడిసిపెట్టమ్మా శాంతమ్మా, గీ అంగీ మిషనోళ్ళది!"

పెళ్ళయింది. ఇంటికి వెళ్ళాక అత్త కాళ్ళ మీద పడ్డాను.

"తప్పయింది అత్తా."

"తప్పేంది? నా పెండ్లికి నేను గూడ ఎర్రది కావాలన్న. మా అవ్వ ఒక్కటి పీకింది, నోరు మూసుకున్న. నువ్వు మూసుకోలే."

అంత పెద్దమనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇంతటితో నా పరువు నిలిచిందనుకునేరు. నెల తిరక్కముందే పక్క ఊరి ఆమె ఒకతె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"మా పిల్ల పెండ్లికి గూడ గా రంగు ఆచారం జేయాల్నంటున్నరు. మేం తెచ్చిన చీరె ఎంత పిండినా రంగు దిగుతలేదు. ఎట్ల?"

అత్త నవ్వు ఆపుకుంటూ నావైపు చెయ్యి చూపింది. "నా కోడల్ని అడుగు. మోసపోయే దుకాణం దానికే ఎరుక."

అందుకే ఆ రోజు గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎర్రచీర కట్టుకోనని కాదు. ఈ జన్మలో మళ్ళీ పెళ్ళి చేసుకోనని. ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు.