వేలు చూపని పిల్ల

పామర్రు బళ్లో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన రమాసుందరి ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. పాలవాడి ఎదుటే పాలచుక్క గోటి మీద వేసి చూసుకునే మనిషి. అలాంటిది, మందు రాయకుండా, ఆటిజమేమో చూడాలంటూ మూడేళ్ల మనవరాలు శాంభవి ముందు బొమ్మలు పరిచి గంటసేపు చూస్తూ కూర్చున్న బెజవాడ డాక్టరమ్మని నమ్ముతుందా?

"పాప దేన్నయినా వేలుపెట్టి చూపిస్తుందాండీ?" అనడిగింది డాక్టరమ్మ.

దొరికావులే అనుకుంది రమాసుందరి. "ఎలా చూపిస్తుందమ్మా? పెరట్లో సొరపాదుంది. పిందెలకి వేలు చూపిస్తే కుళ్లిపోతాయని మా పిల్లలందరికీ నేనే మాన్పించాను. దానికే ఆటిజం అని పేరు పెట్టేస్తారా?"

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ఈ పాపకి ఎన్నిసార్లు చెప్పాల్సొచ్చిందండీ?"

పెద్ద మనవడు ప్రద్యుమ్నకి రోజూ చెప్పేది రమాసుందరి. వాడు పిందెకీ, కాకికీ, చందమామకీ చూపేవాడు. చేతి మీద ఒక్కటేసినా మళ్లీ చూపేవాడు. శాంభవి మాత్రం బుద్ధిమంతురాలని వీధంతా చెప్పుకుంది.



"దీనికి ఒక్కసారీ చెప్పలేదమ్మా," అంది రమాసుందరి. "చెప్పే అవసరమే రాలేదు."